నాంపల్లి గులాబీలకు నేను పోయించిన బూడిద

1964లో ఆబిడ్స్ వెనక సందులో నాకు మొక్కల దుకాణం ఉండేది. విత్తనాలు, కుండీలు, ఎరువులు, గులాబీ అంట్లు అమ్మేవాణ్ని. జాగీరు పోయి పదిహేనేళ్లు కావస్తున్నా, ఇస్త్రీ చేసిన షేర్వానీ తొడుక్కోకుండా ఏనాడూ దుకాణం తెరవలేదు. నా దగ్గర మొక్కలు కొన్నవారి తోటకు స్వయంగా వెళ్లి సలహా చెప్పేవాణ్ని. ఖైరతాబాద్‌లో మా తాతగారి గులాబీ తోటను చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. నా సలహాకు విలువ ఆ తోట వల్లనే వచ్చింది.

ఆ ఏడు వానలు తగ్గాక, నాంపల్లి స్టేషన్ దగ్గరి ఒక ఆడపిల్లల బడివాళ్లు అరవై గులాబీ మొక్కలు తీసుకున్నారు. జాగీర్దార్ల కాలపు పెద్ద భవంతి, పాత దేవిడీ ఒకటి పడగొట్టి, ఆ జాగాలో కట్టిన బడి అది. మాలీ పేరు సాయన్న. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి, గేటు పక్క గదిలో భార్యాబిడ్డలతో ఉండేవాడు. నేను బాట మీద నిలబడి, ఎక్కడెక్కడ గుంతలు తీయాలో చేతికర్రతో చూపించాను. చివర మా తాతగారి పద్ధతి చెప్పాను: నెలకోసారి ఒక్కో మొక్క మొదట్లో రెండు దోసిళ్ల కట్టెల బూడిద. మా ఇంట్లో స్నానాల నీళ్లు కాగే హమామ్ కింద మిగిలిన బూడిదంతా గులాబీలకే పోయేది.

సాయన్న తల గోక్కున్నాడు. "దొరా, గీ మట్టి జర వేరే తీరుంది. ఏడ తవ్వినా గచ్చు పెళ్లలే ఎల్తున్నయి. బూడిద వద్దేమో."

"మూడు తరాల నుంచి మా ఇంట్ల గులాబీలున్నయి. నువ్వెన్ని పెంచినవు?"

"నేను జొన్నలు పెంచిన దొరా," అని నవ్వి ఊరుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత బడి పెద్దమ్మగారు, అంటే హెడ్‌మిస్ట్రెస్, కబురు పంపారు. వెళ్లి చూద్దును కదా, ఆకులన్నీ పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి ఉన్నాయి. కొత్త చిగుళ్లు తెల్లబారాయి.

"రావు గారూ, మాలీ నీళ్లు సరిగా పోస్తలేడని, ఎరువు బయట అమ్ముకుంటున్నడని కమిటీవాళ్లు అంటున్రు," అన్నారు ఆవిడ. "నాకైతే నమ్మబుద్ధి కాదు. కానీ వాళ్లకు మీ మాటంటే గురి. తప్పు మాలీదేనా కాదా, రెండు ముక్కలు రాసియ్యండి. సోమవారం తేలుస్తరు."

సాయన్న పాదుల దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

"దొరా, గది పోతే పోనీ. మా పోరి గీ బడిలనే ఐదో తరగతి సదువుతున్నది, ఫీజు లేకుంట. నా నౌకరి పోతే దాని సదువు గూడ పోతది."

"నీళ్లు పోసినవా?"

"పోసిన."

"బూడిద?"

"మీరు చెప్పినంక పోయకుంట ఉంటనా? హాస్టల్ వంటింట్లకెళ్లి మోసుకొచ్చి నెలనెలా పోసిన."

అతను గేటు బయటి సోడా బండి దగ్గర ఒక నిమ్మకాయ అడిగి తెచ్చాడు. మొక్క మొదట్లోంచి పిడికెడు మట్టి తీసి, దాని మీద పిండాడు. మట్టి సన్నగా బుసబుసమని పొంగింది.

"ఇన్నరా? సున్నం గిట్ల మాట్లాడతది. మీరు గూడ ఒక్కసారి చేత్తోని పట్టి చూడున్రి."

నిజం చెప్పాలంటే, అన్నేళ్ల వ్యాపారంలో నేను మట్టిని చేత్తో పట్టింది లేదు. మా తాతగారు వరండాలో కుర్చీలోంచే తోట నడిపించారు. నేను బాట మీది నుంచి చేతికర్రతో నడిపిస్తున్నాను. కర్ర సాయన్న చేతికిచ్చి, షేర్వానీ చేతులు మడిచి కూర్చున్నాను. మట్టి గరుకుగా ఉంది. వేళ్లకు తెల్లటి పొడి అంటింది.

మట్టిలో పులుపు గుణమెంత, సున్నపు గుణమెంత అని చెప్పే కొలతను పీహెచ్ అంటారు. సున్నం మితిమీరితే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు, ఆకు పసుపెక్కుతుంది. దీన్ని క్లోరోసిస్ అంటారు. ఖైరతాబాద్‌లో మాది పులుపు గుణమున్న ఎర్రనేల, బూడిద దానికి సరిపోయింది. ఇక్కడ దేవిడీ గోడల సున్నమంతా అడుగున ఉంది. బూడిదదీ సున్నపు గుణమే, దాన్ని తెచ్చి ఆ సున్నం మీద నేను పోయించాను.

ఆ సంగతి పుస్తకాల్లో చదివే ఉన్నాను. చదివినది ఆ రోజు వేళ్లకు తెలిసింది.

పెద్దమ్మగారి బల్ల మీదే కాగితం రాశాను. తప్పు నాదని, మాలీ ముందే చెప్పినా నేను వినలేదని, నీళ్లలో ఎరువులో లోపమేమీ లేదని రాశాను. ఆవిడ చదివి కాగితం నా వైపు జరిపారు.

"ఇది కమిటీల చదివితే మీ దుకాణం పేరు పోదా?"

"పోతే నా పేరు పోతుంది. అతని మీద అబద్ధం రాస్తే మా తాతగారి పేరు పోతుంది."

సంతకం దగ్గర ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను. కమిటీవాళ్లు సాయన్నను ఉంచారు. నా సలహాలు మాత్రం రెండేళ్లు అడగలేదు.

అయినా ఆ వేసవంతా రోజూ పొద్దున దుకాణం తెరిచేముందు అక్కడికి వెళ్లాను. రెండడుగుల లోతు గుంతలు తీసి, గచ్చు పెళ్లలు జల్లెడ పట్టి పారేశాం. ఊరి బయటి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల పేడ, ఆకులు కుళ్లబెట్టిన కంపోస్ట్ కలిపి నింపాం. గంధకం పొడి కొద్దిగా వేశాం, అది మట్టిని మెల్లగా పులుపు వైపు తిప్పుతుంది. పైన ఎండుటాకులు పరిచాం. దీన్ని మల్చింగ్ అంటారు, తడి ఆరిపోకుండా కాస్తుంది.

"ఇగ బూడిద దేనికేద్దాం దొరా?" అని అడిగాడు సాయన్న ఒక రోజు, నవ్వు ఆపుకుంటూ.

"గిన్నెలు తోముకో," అన్నాను.

అరవైలో నలభై బతికాయి. మరుసటి చలికాలం మొదటి పువ్వును సాయన్న కూతురే దుకాణానికి తెచ్చిచ్చింది. అప్పటికి ఆరో తరగతి.

ఇప్పుడు ఎవరైనా మొక్క అడిగితే, ముందు మీ ఇంటి మట్టి పిడికెడు తెమ్మంటాను. తెచ్చినదాన్ని నా చేతిలోకే తీసుకుంటాను. నా బల్ల మీద ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది. దిష్టి తగలకుండా పెట్టానని చాలామంది అనుకుంటారు. నేను కాదనను.