పొయ్యి ఆర్పే ముహూర్తం

మార్కండేయులుగారు ముహూర్తం చూడకుండా గోరు కూడా కత్తిరించుకోరు. ధవళేశ్వరం దాటాక రోడ్డు పక్కనుండే వృద్ధగౌతమి స్టీల్స్‌లో ఆయన చీఫ్ ఇంజనీరు. ఆ కడ్డీల మిల్లులో ఆయన చెప్పందే ఏ మిషనూ తిరగదు, పంచాంగం చెప్పందే ఆయన కదలరు. ఒకరోజు వర్జ్యం పోయేదాకా గేటు బయట స్కూటరు మీదే కూర్చుండిపోయారు. ఎండలో మాడిపోతున్నారని వాచ్‌మన్ సత్తిరాజు గొడుగు పట్టాడు. తీరా లోపలికొచ్చాక ఆలస్యానికి సంతకం పెట్టమంటే, రాహుకాలంలో సంతకం చెయ్యనన్నారు.

ఇంట్లోనూ అదే వరస. కొత్త ఆవకాయ జాడీ మూత తియ్యడానికి ఆయన్ని అడగడం ఆయన భార్య లలితాంబగారు ఎప్పుడో మానేశారు. "మీ అంకుల్ ముహూర్తం పెట్టేలోపు మళ్ళీ మామిడికాయలొస్తాయమ్మా" అని ఇంటికొచ్చిన ఆడపిల్లలతో ఆవిడ బాధ.

ఇలాంటి మనిషి చేత బొగ్గు మాన్పించే పని ఫణిశ్రీ నెత్తిన పడింది.

ఫణిశ్రీ ఆ మిల్లులో పర్యావరణం ఆఫీసరు. యజమాని జగన్నాథరావుగారు విశాఖపట్నంలో ఏదో పెద్ద మీటింగుకెళ్ళి, మైకు చూసి ఆపుకోలేక, "మేం బొగ్గు పొయ్యి ఆర్పేస్తున్నాం, ఇక అంతా సోలార్ కరెంటే" అనేశారు. చప్పట్లు ఆయన తీసుకున్నారు, పని ఈ అమ్మాయికిచ్చారు. కడ్డీలు కొనే యూరప్ కంపెనీ ఆ మాట పట్టుకుంది. బొగ్గుతో చేసిన ఉక్కు మీద వాళ్ళకి సరిహద్దులోనే పన్ను పడుతుందట. పొయ్యి ఆరిందో లేదో చూడ్డానికి మనిషిని పంపిస్తామన్నారు. అతను వచ్చేసరికి అది మండుతూ కనబడితే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే ముందు ఊడేది ఎవరి ఉద్యోగమో ఫణిశ్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్త షెడ్డులో కరెంటు ఫర్నేసు సిద్ధంగా ఉంది. కప్పు మీద సోలార్ పలకలు తళతళలాడుతున్నాయి. పాత పొయ్యి ఆర్పడం ఒక్కటే మిగిలింది.

"ఆషాఢంలోనా?" అన్నారు మార్కండేయులుగారు, ఏదో చెవిన పడకూడనిది పడ్డట్టు.

"కొత్తది వెలిగించడానికైతే ముహూర్తం సరేనండి. ఆర్పడానికి కూడానా?"

"వెలిగించడానికి అందరూ చూస్తారమ్మా. ఆర్పడానికి చూసేవాడే తెలిసినవాడు. ముందు పూతరేకు తిను."

ఆయన బల్ల మీద ఎప్పుడూ ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒకటుంటుంది. ఎప్పుడు మూత తీసినా లోపల పొడే. ఒక్క చుట్ట కూడా రూపంలో ఉండదు.

"ఇవెప్పుడూ ఇలా నలిగిపోయి ఉంటాయేంటండి?"

"ఆత్రేయపురం రోడ్డు బాగోలేదమ్మా" అన్నారాయన కిటికీలోంచి కొత్త షెడ్డు వైపు చూస్తూ.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. శుక్రవారం అగ్గి ఆర్పితే లక్ష్మి వెళ్ళిపోతుందన్నారు. శనివారం ఇనుము జోలికి వెళ్ళకూడదన్నారు. ఇనుప మిల్లులో కూర్చుని ఆ మాట ఎలా అనగలిగారో దేవుడికెరుక. ఒక సోమవారం తిథి, వారం, నక్షత్రం అన్నీ కుదిరాయి. సరిగ్గా అప్పుడే ఆయన తుమ్మారు. వెళ్ళిన ప్రతిసారీ చెంచాడు పూతరేకుల పొడి తిని వెనక్కి రావడం ఫణిశ్రీకి అలవాటైపోయింది.

వెళ్ళి జగన్నాథరావుగారితో మొరపెట్టుకుంది. కొత్త ఫర్నేసు బాగా నడిస్తే అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకున్న మనిషాయన. "మార్కండేయులు వద్దన్నాక ఆర్పేసి, రేపు ఏదైనా అయితే?" అని ఆయనా చేతులెత్తేశారు.

ఫణిశ్రీకి తిండి సయించడం మానేసింది. ఫోను మోగితే యూరప్ వాళ్ళేమోనని ముందు నంబరు చూసుకునేది. పొద్దున్నే బస్సు దిగి మిల్లు పొగగొట్టం వైపు చూసేది, పొగ కనబడగానే ఇంకెన్ని రోజులున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. పిల్లకి ఎవరి దిష్టో తగిలిందని వాళ్ళమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పారేసింది.

యూరప్ మనిషి రేపు పొద్దున్న దిగుతాడనగా, ఇక లాభం లేదని పాలకొల్లు నుంచి పురోహితులు మణిశంకర్‌శర్మగారిని కారెక్కించి తీసుకొచ్చింది.

"పొయ్యి ఆర్పడానికి ఇవాళ ముహూర్తం ఉందాండి?"

శర్మగారు పంచాంగం తెరవనే లేదు. "ఆర్పడానికి ముహూర్తం ఏంటమ్మా? ఇన్నేళ్ళ పౌరోహిత్యంలో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అన్నం ఉడగ్గానే ఆర్పేస్తారు."

ఫణిశ్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళూ తనని ఆటపట్టించారన్నమాట. గదిలో చూస్తే మార్కండేయులుగారు లేరు. భోజనాల వేళ కదా అని క్యాంటీనులో చూస్తే అక్కడా లేరు.

"కొత్త షెడ్డులో చూడండి మేడమ్" అన్నాడు సత్తిరాజు. "రోజూ ఈ టైముకి అక్కడే ఉంటారండి."

షెడ్డులో పైన క్రేను కదులుతోంది. దాని కొక్కేనికి వేలాడుతున్న ట్రేలో ఇనుము లేదు, పూతరేకుల డబ్బా ఉంది. కింద రిమోట్ పట్టుకుని నుంచున్నది బొగ్గు యార్డులో తట్టలు మోసే దీనమ్మ. మిగతా ఆడవాళ్ళంతా ఆమె వెనక నుంచున్నారు. మార్కండేయులుగారు రెండు చేతులూ చాపి, డబ్బాతోపాటు తనూ వంగుతున్నారు.

"నెమ్మది దీనమ్మా. చంటిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు. అదీ."

ట్రే నేలకి తాకింది, చప్పుడు కూడా కాలేదు. ఆయన మూత తీశారు. పూతరేకులు చెక్కుచెదరలేదు. ఆడవాళ్ళు దీనమ్మని వాటేసుకున్నారు.

"ఇదేంటండి?" అంది ఫణిశ్రీ. తిట్టడానికి తెచ్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

దీనమ్మే చెప్పింది. "కొత్త షెడ్డుకి బయటోళ్ళని తెస్తామన్నారండి. పొయ్యి ఆరేలోపు ఈ క్రేను నడపడం నేర్చుకుంటే మమ్మల్నే ఉంచుతానని ఓనరుగారు ఈయనకి మాటిచ్చారండి. వీళ్ళందరికీ వచ్చేసిందండి. నాకే చెయ్యి వణికిపోద్దండి. మొన్న ఆదివారం చర్చిలో కూడా చేతి కోసమే ప్రార్థన చేసుకున్నానండి."

"మరి నాకొక్క మాట చెప్పచ్చు కదండీ" అంది ఫణిశ్రీ మార్కండేయులుగారితో.

"నీ మొహం అద్దంలా ఉంటుందమ్మా. జగన్నాథరావుగారు ఒక్క ప్రశ్న వేస్తే నేను కావాలనే ఆపుతున్నానని కనబడిపోతుంది. ముహూర్తం అన్నామనుకో, ఎవరూ మారు మాట్లాడరు."

"నా ఉద్యోగం పోతే?"

"పోనిస్తానా? ఇవాళ దీనమ్మకి రాకపోయినా సాయంత్రానికి ఆర్పేసేవాణ్ణి. ఆర్పేసి, వెళ్ళి దీనమ్మని తీసెయ్యద్దని జగన్నాథరావుగారి కాళ్ళు పట్టుకునేవాణ్ణి." జేబులో పంచాంగం తడుముకుని, "దానికి మాత్రం నిజంగానే ముహూర్తం చూసుకోవాలి" అన్నారు.

విరగని పూతరేకు ఒకటి తీసి ఫణిశ్రీ చేతిలో పెట్టారు. ఇన్నాళ్ళ పొడి తర్వాత నిండు పూతరేకు నోట్లో కరుగుతుంటే ఆ పిల్లకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"ఇప్పుడు ఆర్పచ్చాండి?"

"పద. ఇంతకంటే మంచి ఘడియ ఎక్కడుంటుంది?"

అందరూ పాత పొయ్యి వైపు కదిలారు. గుమ్మం దగ్గర సత్తిరాజు గట్టిగా తుమ్మాడు. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఫణిశ్రీ మార్కండేయులుగారి మొహం వైపు చూసింది.

"వాడికి జలుబు చేసిందమ్మా" అని మార్కండేయులుగారు ముందుకు నడిచారు.

సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు పొగగొట్టం మీద ఆకాశం ఖాళీగా ఉంది. చినుకులు పడుతున్నాయి. మార్కండేయులుగారు మాత్రం గేటు దగ్గర స్కూటరెక్కి, వర్జ్యం పోయేదాకా బండి తియ్యనని కూర్చున్నారు.

ఈసారి గొడుగు ఫణిశ్రీ పట్టింది.