ఆరో గుంట ముందరి గొయ్యి

మెకానిక్ షెడ్ల ముందు ఇసుకలో ఇంకిన పాత ఇంజనాయిలు వాసన తగిలితే నాకు గుంటూరు శివార్లలోని గోల్ఫ్ మైదానం గుర్తొస్తుంది. పొగాకు కంపెనీ దొరలు ఎప్పుడో వేయించి వదిలివెళ్ళిన తొమ్మిది గుంటల మైదానం అది. ఆ నల్లరేగడిలో ఏడాది పొడుగునా పచ్చగడ్డి నిలవదని, బంతి పడాల్సిన ప్రతి గుంట చుట్టూ ఇసుక పరిచి, దుమ్ము లేవకుండా ఇంజనాయిలు చల్లి చదును చేసేవారు.

ఎనభైలలో మా అమ్మ ఆ పక్కనే ఉన్న మిషన్ స్కూల్లో డ్రిల్లు టీచరు. స్వదేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని ఇచ్చిన గోల్ఫ్ కర్రలతో, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కంపెనీవాళ్ళ అనుమతితో పొద్దున్నే ఆడేది. క్రిస్మస్ సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. మంచుకు తడిసిన తుమ్మచెట్లు, స్టీలు డబ్బాలో నువ్వుల అరిసెలు, కంచె అవతల విచ్చిన పత్తిచేలో పడితే ఇక కంటికి ఆనని తెల్లబంతులు, మిరపచేలకు పోతూ మమ్మల్ని చూసి నవ్వుకునే కూలీలు. ఈ దిబ్బ ఇక్కడే ఎందుకు పోశారో, ఆ మలుపు ఎందుకు పెట్టారో అమ్మ నడుస్తూ చెబుతూ ఉండేది.

ఆమెకు అన్నిటికంటే ఇష్టం ఆరో గుంట. దాని ముందు అడ్డంగా నిలువులోతు ఇసుక గొయ్యి ఉండేది. ఎవరు కొట్టినా బంతి అందులోనే పడుతోందని, కొత్తగా వచ్చిన కంపెనీ మేనేజరుగారు దాన్ని పూడ్పించడానికి మట్టి ట్రాక్టరు తెప్పించారు.

“అది పూడిస్తే ఇంకేముంటదండీ ఇక్కడ, ఉత్త పొలం తప్ప?” అంది అమ్మ.

“అయితే దాటించి చూపించండి టీచరుగారూ, ఉంచేద్దాం,” అన్నారాయన.

అక్కడ ఆడే కంపెనీ క్లబ్బు సభ్యులంతా చుట్టూ చేరారు. అమ్మ బలంగా కొట్టిన బంతి నేరుగా వెళ్ళి గోతిలో పడింది. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ మాత్రం ఇంకో బంతి తీసి, ఎడమవైపు తుమ్మచెట్ల దిక్కుగా తిరిగి మెల్లగా కొట్టింది. అక్కణ్ణుంచి చూస్తే గొయ్యి అడ్డమే లేదు. రెండో దెబ్బకు బంతి దొర్లుకుంటూ వెళ్ళి గుంట పక్కన ఆగింది.

“దాటించమన్నాను గదండీ!” అన్నారు మేనేజరుగారు.

“దాటించలేకపోయానుగా, చూశారు. నాలాంటోళ్ళ కోసమేనండీ ఆ పక్కన అంత చోటు వదిలింది. ఒక దెబ్బ ఎక్కువవుద్ది, అంతే.”

ఆయన ఆ పక్కనుంచి తానూ ఒక బంతి కొట్టి, అది గుంట చుట్టూ ఉన్న ఇసుక మీద ఆగేదాకా చూసి, ట్రాక్టరు డ్రైవరుకు వెనక్కి తిప్పమని సైగ చేశారు. ఆ రోజు ఇంటికొచ్చేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు కంపెనీ ఆ నేలను అమ్మేసింది. ఇప్పుడక్కడ మిర్చి కోల్డ్ స్టోరేజీలు, గేటు దాకా లారీల వరస. మొన్న అమ్మ అడిగితే కారులో తీసుకెళ్ళాను. వాచ్‌మన్ ఎదురొచ్చి, “ఎవరు కావాలండీ?” అన్నాడు.

“ఎవరూ లేరు బాబూ,” అంది అమ్మ. “ఇక్కడ ఆడుకునేవాళ్ళం.”