తువ్వాలు వేసిన చోటు

ఆమదాలవలసలో ఇల్లు కట్టాక, మిగిలిన డబ్బుతో వాకిట్లో పచ్చిక, టైల్సు వేయిద్దామనుకున్నాను. మా మేనత్త ఒప్పుకోలేదు.

"గడ్డి ఆవుకి గానీ మనకేటిరా? పడమటేపు కానుగ మొక్కెట్టు, సాలు."

పెట్టాను. మొక్క మోకాలెత్తు కూడా లేదు. ఆవిడ మాత్రం రోజూ, పాసింజరు రైల్లో సీటు ఆపుకున్నట్టు, కాలిపోతున్న మట్టి మీద తువ్వాలు పరిచేది.

"ఇదేటత్తా?"

"ఒరే, నీడొచ్చాక అందరూ కూకుంటారు. నా సోటు ఇప్పుడే పట్టేసినాను."

నీడ రాకముందే ఆవిడ పోయింది. ఇప్పుడు పొద్దు వాలితే కానుగ నీడ సరిగ్గా అక్కడికే వస్తుంది. తువ్వాలు నేను పరుస్తాను. చుట్టాలెవరైనా కూర్చోబోతే నా నోరు ఊరుకోదు.

"అక్కడ కాదు. మనిషొస్తాది."