మెడలో టేపుతో గేటు దాకా

దర్జీ అక్క మెడలో టేపు లేకుండా ఎక్కడికీ వెళ్లదు. కోపమొస్తే పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూది తీసి మరీ మాట్లాడుతుంది. కూతురి కాలు విరగడంతో థీమ్ పార్క్ ఫ్యామిలీ టికెట్‌ను కొన్న ధరకే ఆన్‌లైన్‌లో అమ్మేసింది. ఇవాళ ఆ టికెట్ కొన్నావిడ ఫోన్ చేసి, "గేటు దగ్గర ఆపేశారు, పిల్లలు ఏడుస్తున్నారు. ఇంత మోసమా అండీ?" అంది. ఆ మాట పడలేక అక్క మిషను ఆపి పార్కు గేటుకు పరుగెత్తింది. "టికెట్ ఇంకొకరికి అమ్మితే చెల్లదమ్మా, అది రూలు," అన్నాడు గార్డు. అక్క సూది తీసింది. "నేను కుట్టిన చొక్కా అన్న తొడుక్కున్నాడా, తమ్ముడు తొడుక్కున్నాడా అని నేనెప్పుడైనా అడిగానా?" గార్డు నవ్వలేదు. అక్క టికెట్ మీది షరతులన్నీ కుట్టు పరీక్షించినట్టు చదివింది. టికెట్ మీద పేరున్న మనిషి, ఆ మనిషి వెంట ఇంకో ముగ్గురు రావచ్చని ఉంది. అక్కడికక్కడే కొన్నావిడకు ఆమె డబ్బు ఫోన్‌లో తిరిగి పంపేసింది. "ఇప్పుడు అమ్మకం లేదు. టికెట్ నాది, వీళ్లు నా వెంట వచ్చారు. ఏం బాబూ, ఇంకా ఎక్కడైనా బిగుతుగా ఉందా?" గార్డు గేటు తీశాడు. అక్క ఆవిడ పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని, మెడలో టేపుతోనే అందరికంటే ముందు లోపలికి నడిచింది.