ఖులా తమాషా

నా జన్మలో నేను చెప్పిన నిజాలు తక్కువ. ఉన్న కాసినింటిలో మంచిదాన్ని దొంగ ఎత్తుకుపోయాడు. దొంగంటే ఎవరో కాదు, నా జహాజీ అన్నే.

ఓడలో పక్కపక్కన పడుకుని, ఒకే పళ్ళెంలో తిని, ఒకే బకెట్లో కక్కుకుని ఫిజీ చేరినవాళ్ళు జహాజీ భాయిలు. ఓడ దిగేసరికి కులం, ఊరు, ఇంటిపేరు సగానికి సగం సముద్రంలో కలిసిపోయేవి. మిగిలేది ఈ చుట్టరికమే. సొంత అన్న అబద్ధమాడితే ఆడతాడు గానీ జహాజీ అన్న ఆడడని మా కూలీ కొట్టాల వరసల్లో, అదే లైన్లలో, ఒక నమ్మకం. అతను నాకంటే కాస్త పెద్ద. పెళ్ళి లేదు, పొయ్యి లేదు. మా ఆవిడ వండిందే తినేవాడు.

ఇద్దరం ఒకే ఓడలో వచ్చినా అతని గిర్మిట్, అంటే అయిదేళ్ళ కూలీ ఒప్పందం, ముందు తీరింది. అలా తీరినవాణ్ణి అక్కడ ‘ఖులా’ అయ్యాడు అనేవాళ్ళం. తెరుచుకున్నవాడన్నమాట. నేను మాత్రం మూసుకునే ఉండిపోయాను. పనికి పోని రోజులకు నేను చెప్పిన కారణాలు మా పని చూసే తెల్ల కులంబరు నమ్మలేదు. పాము నా పార మింగేసిందంటే నమ్మడానికి వాడికేం నొప్పో! ఆ నాగాలన్నీ లెక్కగట్టి నా గిర్మిట్‌కి తోక తగిలించారు.

అప్పుడు మేం ద్రాసాలో చెరకు నరికేవాళ్ళం. అన్న గిర్మిట్ ఇంకా తీరని రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం ఇద్దరం గట్టు మీద కూర్చుని రొట్టె తింటుంటే, చెరకు రైలు పట్టాల పక్కనున్న దారిలో ఒక తెల్లవాడు మోటారు సైకిలు మీద పోయాడు. అదేమిటో మాకు అప్పటికి తెలియదు. గుర్రం లేదు, ఎద్దు లేదు, తొక్కడం లేదు. కోపమొచ్చిన మేకపోతులా చీదుకుంటూ, నీలం పొగ వదులుకుంటూ మలుపు తిరిగి మాయమైంది. అన్న నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం లైన్లలో చెప్పాను. మన సంగతి తెలిసిందేగా, కాస్త ఉప్పూ కారం జల్లాను. కడవెడు కిరసనాయిలు గటగటా తాగుతుందన్నాను. పిలిస్తే తల తిప్పి చూస్తుందన్నాను.

“నిన్న ఓడకాడ తిమింగిలం నీతో తెలుగులో మాటాడింది. ఇయ్యాల ఇనప గుర్రమా మావా?” అంది మా ఆవిడ. “రేపేటి, మన పొయ్యి లేచి పెళ్ళికెల్తాదా?”

లైనంతా విరగబడి నవ్వింది.

“అన్ననడగండి! పక్కనే ఉన్నాడు!”

అన్న గోడకి చేరగిలబడి కొబ్బరి చిప్పలో నంగోనా వేరు కషాయం తాగుతున్నాడు. ఆ మట్టిరంగు నీళ్ళు తాపీగా మింగి, మూతి తుడుచుకున్నాడు.

“ఎండ కళ్ళల్లో కొట్టింది తమ్ముడా. నాకేటీ అగుపడ్నేదు.”

మర్నాడు పొలంలో అడిగితే, అందరూ నవ్వుతుంటే పాడుచెయ్యడం ఇష్టంలేక అలా అన్నాడట. జహాజీ అన్న కదా, మింగాను.

జనం నమ్మకపోతే పోనీ. కానీ ఆనాటి నుంచి, వాన వస్తోందని నేను అరిచినా మా ఆవిడ బయటికొచ్చి అరచెయ్యి చాపి చూసుకున్నాకే తాడు మీది బట్టలు తీసేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ‘నువ్వు చెప్పింది నిజమే మావా’ అని ఆవిడ నోట వినాలని నాకు పట్టుకుంది.

అన్న ఖులా అయ్యాక కూడా మా లైన్లలోనే ఉండేవాడు. కొన్ని వారాలకు కూలీల సర్దారు లైన్ల మధ్య నిలబడి అరిచాడు. “ఇత్వార్ కే లౌతోకా మే మోటర్ సైకిల్ కే తమాషా! ఖులా హై!”

నా హిందీ అప్పటికి అంతంతమాత్రం. అన్న వంక చూశాను.

“ఆదివారం లౌతోకాలో మోటారు సైకిళ్ళు సూపిస్తారంట. తెరిచుంటాదంట, అందరికీని,” అన్నాడు. తరవాత మా ఆవిడ వైపు తిరిగి, “దారికి రొట్టెలు కట్టమ్మా. ఎండుచేప కూడా యేపు,” అన్నాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. పిల్ల నా మెడ మీద, మూట అన్న భుజం మీద. పట్టాల వెంబడి నడుస్తూ మా ఆవిడ పందెం కాసింది.

“ఆడ ఎద్దుబండి తప్ప మరేటీ నేకపోతే, తిరిగొచ్చీటప్పుడు పిల్లతోపాటు నన్నూ మొయ్యాల.”

“ఉంటే?”

“ఉంటే నువ్వు సెప్పిందల్లా నమ్ముతాను. తిమింగిలంతో సహా.”

ఆ మాటకి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

లౌతోకాలో మైదానం చుట్టూ రేకులు నిలబెట్టారు. ద్వారం దగ్గర ఖాకీ చొక్కా మనిషొకడు అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడుగుతున్నాడు.

“గిర్మిట్ హై కి ఖులా?”

“ఖులా,” అన్నాడు అన్న. దారిచ్చాడు.

“గిర్మిట్,” అన్నాను నేను. చెయ్యి నా రొమ్ముకి అడ్డం వచ్చింది.

తమాషా ఖులా అంటే తెరిచిన తమాషా కాదట. ఖులా వాళ్ళ తమాషా అట. గిర్మిట్ వాళ్ళు లైన్లకి పోవాలట.

“అన్నా! మేం నీవాళ్ళమని చెప్పు!”

ఖాకీ మనిషి అన్న వైపు తిరిగాడు. “యే లోగ్ తుమార్ హై?” వీళ్ళు నీవాళ్ళేనా అని.

అన్న మా వంక చూశాడు. నన్ను, మా ఆవిణ్ణి, నా మెడ మీంచి చేతులు చాపుతున్న పిల్లని. ఎత్తుకుని ఆడించిన పిల్ల.

“నై,” అన్నాడు. “రాస్తా మే మిలా.”

దారిలో కలిశామట. అనేసి లోపలికి పోయాడు. భుజాన మా రొట్టెల మూట.

మేం రేకుల పక్క నీడలో కూలబడ్డాం. ఇంతలో లోపల చీదడం మొదలైంది. ఒకటి కాదు, మందకి మంద.

“విన్నావా? అదే!” అన్నాను.

“సెక్కెర మిల్లు.”

“ఆదివారం మిల్లు పడుకుంటుందే!”

“పడుకున్నోడికే గురకెక్కువ మావా.”

పిల్లని రేకుల పైకెత్తి పట్టుకున్నాను. ఈ సాక్షి అయినా నాకు దక్కుతుందని. “ఏం కనపడుతోంది తల్లీ?”

“పెదనాన!”

“పెదనాన్న సరే, ఇంకా?”

“రొట్టె తింతన్నాడు.”

“అబ్బా, ఇంకేం ఉంది?”

“సేప కూడా తింతన్నాడు!”

అటు తరవాత పొగ అంది, టోపీలు అంది. పొగంటే మిల్లే అంది మా ఆవిడ. పందెం ప్రకారం తిరుగుదారిలో నేను ఆవిణ్ణి మొయ్యాలి. అడగలేదు. పైగా నా మెడ మీది పిల్లని తనే తీసి ఎత్తుకుంది. పరిహాసమాడినా బాగుండేది. జాలిపడింది.

సాయంత్రం అన్న వచ్చాడు. మూటగుడ్డ నాలుగు మడతలు పెట్టి మా ఆవిడ చేతికిచ్చి, లైన్ల మధ్య చిప్ప పట్టుకుని కూర్చున్నాడు. జనం మూగారు. చెప్పడం మొదలెట్టాడు.

నా మేకపోతు. నా నీలం పొగ. నా కడవెడు కిరసనాయిలు. ఒక్క మాట మారిస్తే ఒట్టు. ఎవరూ నవ్వలేదు. నోళ్ళు తెరుచుకుని విన్నారు.

“అంతేనేటి! పిలిస్తే తల తిప్పి సూస్తాది. నా కళ్ళతో సూసినాను,” అన్నాడు.

దిగ్గున లేచాను. అది నేను కల్పించింది! మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాటంటే దొరికేది అన్న కాదు, నేను. నా అబద్ధమే నా నోరు కుట్టేసింది. లేచినవాణ్ణి ఊరికే పంచె దులుపుకుని కూర్చున్నాను.

“బావ సూసొచ్చాడు కదా,” అంది మా ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని. “ఉన్నట్టే ఉంది మావా.”

జనం చెదిరాక నీళ్ళ పీపా దగ్గర అతన్ని పట్టుకున్నాను.

“మనం దారిలో కలిసినవాళ్ళమా అన్నా?”

“పేచీ పెడితే నన్ను కూడా ఆపేసీవోడు తమ్ముడా. ఎవడో ఒకడు సూసి రావాల కదా.”

“ఖులా అన్నప్పుడే నీకు తెలుసు. మమ్మల్ని రానివ్వరని తెలిసే తీసుకెళ్ళావు.”

అతను చేతులు కడుక్కున్నాడు. కడుక్కున్నవి మళ్ళీ కడుక్కున్నాడు.

“రొట్టెలు బాగున్నాయని మరదలితో సెప్పు,” అన్నాడు.

కొన్నాళ్ళకి ద్రాసా వదిలి, సముద్రం దాటి పక్క దీవిలోని డ్రెకేటి వెళ్ళి వరి వేసుకున్నాడు. అక్కడా ఆ కథే చెబుతున్నాడని, ఒక్కణ్ణీ నవ్వనివ్వడం లేదని విన్నాను.

నా గిర్మిట్ తోక కూడా ఒకనాటికి తెగింది. నేనూ ఖులా అయ్యాను. తరవాత ఒక రోజు మా ఆవిడా నేనూ లౌతోకా బజారు నుంచి వస్తుంటే, వెనక చీదడం వినిపించింది. మోటారు సైకిలు. మమ్మల్ని దాటి, మలుపు దగ్గర దాని ముందు చక్రం, నుదుటి దీపం, రెండూ మా వైపు తిరిగాయి.

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మావా, సూసినావా! బావ సెప్పినట్టే తల తిప్పింది!”

“నేను పిలవలేదే,” అన్నాను.

“నువ్వు పిలిస్తే ఎందుకు సూస్తాది?” అంది.