పంచింగ్ మిషన్ కొరికిన పాలకూర

పురుగుమందుల కొట్లో పదకొండేళ్లు బిల్లులు రాసిన మనిషికి పురుగుల మీద గౌరవం కలగడం లోకంలో మామూలుగా జరిగే పని కాదు. ఈవిడకు కలిగింది. డబ్బాల మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే హెచ్చరికలు చదివే అలవాటు ఆ కొట్లో ఈవిడ ఒక్కతెకే ఉండేది. యజమాని చదవలేదు, కొనేవాళ్లు చదవలేదు, రాసినవాడు కూడా చదివి ఉండడని ఈవిడ గట్టి నమ్మకం.

ఒకరోజు ఒక రైతు వచ్చి, "ఏది కొడితే రేపటికల్లా కోసి అమ్ముకోవచ్చమ్మా?" అని అడిగాడు. ఈవిడ డబ్బా తిప్పి, కొట్టాక పద్నాలుగు రోజులు ఆగాలని రాసి ఉందని చదివి వినిపించింది. యజమాని లేచి వచ్చి, డబ్బా ఈవిడ చేతిలోంచి తీసుకుని రైతు చేతిలో పెట్టి, "ఆవిడ అలాగే అంటుందిలే, నువ్వు తీసుకెళ్లు" అన్నాడు. ఆ సాయంత్రం ఈవిడ కలానికి మూత పెట్టి, కుర్చీ బల్ల కిందికి తోసి, బయటికొచ్చేసింది. అంతటి చారిత్రక నిష్క్రమణకు సాక్షులు లేకపోవడం విచారకరం. యజమాని అప్పటికే టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత బస్సుల డిపో గోడ వెనక, భర్త వాటాగా వచ్చిన ఎకరంన్నరలో కూరగాయలు మొదలుపెట్టింది. పేడ, ఎండుటాకులు, వంటింటి తుక్కు కలిపి ఎరువు కుప్పలు వేసింది. పాదుల మధ్య గడ్డి పరిచింది. తెల్లారకముందే లేచి, చేత్తో మగ్గు పట్టుకుని, ఆకుల అడుగు నుంచి పచ్చ పురుగుల్ని ఒక్కొక్కటే ఏరి సబ్బు నీళ్లలో వేసేది. ఏరగా మిగిలినవి తినేవి. ఎంత ఏరినా మిగిలేవి.

భర్త డిపోలో మెకానిక్కు. బస్సుతో తప్ప ఎవరితోనూ వాదించే అలవాటు లేని మనిషి కాబట్టి సంసారం సాఫీగా సాగేది. ప్రతి శనివారం కూరగాయలు సంచుల్లో కట్టి ఇళ్లకు చేర్చే పని ఈవిడ తమ్ముడిది. ముప్ఫయ్యారేళ్లవాడు, అంతకుముందు నాలుగు వ్యాపారాలు చేసి, నాలుగింటినీ ఏ పక్షపాతం లేకుండా ముంచినవాడు. ఎదుటివాళ్లు నొచ్చుకుంటే చూడలేడు, అక్క అరిస్తే వినలేడు. ఈ రెండు సుగుణాలూ కలిసి ఎంత పని చేశాయో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి ఏడాది, సంచులు తీసుకునే పెద్ద అపార్టుమెంటు గేటు దగ్గర, మూడో అంతస్తు ఆవిడ ఒక పాలకూర ఆకును ఎండకు ఎత్తి పట్టుకుని చూసింది.

"ఏంటండీ ఇది, ఆకా జల్లెడా?"

"పురుగు కూడా ముట్టని ఆకు మీరు తింటారా?" అంది మనావిడ. "ముందు అది తిని బతికింది కాబట్టే మీకు పెడుతున్నాను. రాజులకు రుచి చూసిపెట్టే నౌకర్లుండేవాళ్లట. మీకు జీతం లేకుండా దొరికాడు, సంతోషించండి."

చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. మూడో అంతస్తు ఆవిడ ఆకు సంచిలో పెట్టేసుకుంది. ఆ మాట మెట్లెక్కి, లిఫ్టులెక్కి, పక్క వీధిదాకా పోయి సిద్ధాంతంగా స్థిరపడింది. చిల్లున్న ఆకు మంచిది, చిల్లు లేనిది మందు కొట్టింది. ఈవిడకు పురుగులమ్మ అని పేరొచ్చింది. కింద అంతస్తులో ఉండే రిటైరైన లెక్కల మాస్టారు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆకుకు ఎన్ని చిల్లులో లెక్కపెట్టి నోటుబుక్కులో సగటు తీయడం మొదలుపెట్టారు. చూస్తుండగానే అరవై రెండు ఇళ్లయ్యాయి. అందరూ ఈవిడ మాట నమ్మి తినేవాళ్లే. తోట శుభ్రతకు రుజువుగా వచ్చిన సర్టిఫికెట్టు కాగితాలు షెడ్డులో ఫైలు నిండా ఉన్నా, ఇన్నేళ్లలో ఒక్కరూ చూపించమనలేదు. మాట చాలనుకున్నారు.

మూడో ఏట భర్త పాత బస్సుల పైపులు వంచి, అతికి, వల పందిరి వేసిపెట్టాడు. దోమ కూడా దూరలేనంత సన్నటి వల. ఒకటే తలుపు, దానికో కొక్కెం. ఆ పందిట్లో మొదటి కోత కోసిన ఉదయం, ఈవిడ ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. అంచు నుంచి అంచుదాకా నిండుగా ఉంది. ఈవిడ ఒక వస్తువును కోపం లేకుండా నిమిషం సేపు చూడటం అదే మొదటిసారి అని భర్త ఇప్పటికీ చెబుతాడు.

నాలుగు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం లెక్కల మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీదుగా తోటకొచ్చారు. నోటుబుక్కు మధ్యలోంచి ఒక ఆకు తీశారు.

"అమ్మా, మీ పురుగులకు జ్యామితి వచ్చేసినట్టుంది."

"ఏమైంది మాస్టారూ?"

"ప్రతి చిల్లూ గుండ్రం. ప్రతి చిల్లూ ఆరు మిల్లీమీటర్లు. ఆకుకు రెండేసి. రెంటి మధ్య ఎనిమిది సెంటీమీటర్లు, కచ్చితంగా. మా స్కూల్లో ముప్ఫై ఏళ్లు చెప్పినా పిల్లలకు ఇంత క్రమశిక్షణ రాలేదు."

ఈవిడ ఆకు తీసుకుంది. వల వేశాక తన తోటలో చిల్లు పడ్డ ఆకే లేదు. మాస్టారిని అక్కడే నిలబెట్టి షెడ్డులోకి నడిచింది. రేకుల కప్పు కింద, పాత తలుపును బల్లగా వేసుకున్న చోట, సర్టిఫికెట్టు కాగితాలకు చిల్లులు వేసి ఫైల్లో పెట్టడానికని కొన్న పంచింగ్ మిషన్ ఉంటుంది. ఇనుపది, జారిపడితే కాలివేలు పోయేంత బరువు. ఎత్తి, అడుగు మూత ఊడదీసింది. తడి తడిగా, గుండ్రంగా, పచ్చటి చుక్కలు గుప్పెడు రాలాయి.

తమ్ముడు మూల కూర్చుని సంచులు కడుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

తమ్ముడు వంగి చూశాడు. "పాలకూర" అన్నాడు.

"పాలకూరని నాకూ కనిపిస్తోంది. దీని కడుపులోకి ఎలా వచ్చింది?"

"నువ్వు ముందు కూర్చో అక్కా."

"కూర్చుంటే తగ్గే కోపం కాదిది. చెప్పు."

"మందు మొదలెట్టామనుకుంటున్నారక్కా జనం. వల వేసిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఆరు ఇళ్లు మానేశాయి. లేదు మొర్రో అంటే, మరి చిల్లులేవీ అంటారు. చిల్లులు కావాలన్నారు, ఇచ్చాను. ఆరూ తిరిగొచ్చాయి. ఆకు మనదే, మంచిదే. ఎవరికేం నష్టం?"

"మంచి ఆకుకి దొంగ సాక్ష్యం ఎందుకురా? వల గురించి చెప్పొచ్చుగా."

"చెప్పాను. వలలేసి చేపలు పడతారు గానీ పురుగులు ఆగుతాయా అంది మూడో అంతస్తు ఆవిడ."

"నాకు చెప్పొచ్చుగా."

"నీకు చెబితే నువ్వు మూడో అంతస్తుకెక్కి కేకలేస్తావు. ఆరు కాస్తా పదహారవుతాయి."

ఇది నిజమే కాబట్టి ఈవిడకు ఇంకా మండింది. "చేసేది దొంగపని, అదైనా చూసి చేశావా? మూడేళ్లుగా నీ కళ్లముందే తింటోంది పురుగు. అంచు నుంచి మొదలెడుతుందా, మధ్యలోంచా? ఎప్పుడైనా చూశావా? ఆకుకు రెండేసి, స్కేలు పెట్టి కొలిచినట్టు!"

"అరవై సంచులక్కా. కట్ట మొత్తం ఒకేసారి పెట్టి నొక్కాను. ఒక్కొక్కటీ కొరికే టైమెక్కడిది?"

ఈవిడ పంచింగ్ మిషన్‌ను బల్ల మీద పెట్టిన చప్పుడుకు రేకులు మోగాయి. తమ్ముడు అప్పుడు సంచి పక్కన పెట్టి, నెమ్మదిగానే అన్నాడు. "సరే, నాది తప్పే. చిల్లుంటేనే మంచిదని వాళ్లకు నేర్పిందెవరక్కా? నేనా?"

ఈవిడ వాదన మధ్యలో వదిలి బయటికి నడిచింది. ఆ ఎకరంన్నర చరిత్రలో అది అపూర్వం.

మాస్టారిని పంపేసి, ఎరువు కుప్ప పక్కన బోర్లించిన తొట్టి మీద చాలాసేపు కూర్చుంది. కొట్లో ఉన్న పదకొండేళ్లూ మందు కోసం పరిగెత్తుకొచ్చిన రైతులు చేతిలో ఏం పట్టుకొచ్చేవాళ్లు? చిల్లులు పడ్డ ఆకులే. పురుగు తిన్నాకే కొట్టేవాళ్లు. చిల్లూ ఉండేది, దాని మీద మందూ ఉండేది. చిల్లు దేనికీ రుజువు కాదని ఈ భూమ్మీద తనకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. తెలిసి తెలిసి, గేటు దగ్గర ఒకావిడ నోరు మూయించడానికి, పదిమందిని నవ్వించడానికి అలా అనేసింది. డబ్బా చదవని యజమానికీ, చదివి కూడా అబద్ధం చెప్పిన తనకూ తేడా ఏమిటి? ఇన్నాళ్లూ ఊరందరికీ పంచిపెట్టిన కోపంలో ఇంత చిక్కటిది ఎవరికీ దక్కలేదు. ఇది మొత్తం తనకే మిగుల్చుకుంది.

శనివారం సంచులతో పాటు తనూ వెళతానంది. తమ్ముడు బతిమాలాడు. "వద్దక్కా. ఇప్పుడు ఒప్పుకుంటే అసలు ఆకు కూడా దొంగదే అనుకుంటారు. మిషన్ మానేద్దాం, వాళ్లే మరిచిపోతారు."

"వాళ్లు మరిచిపోతారు. నేను మరిచిపోవద్దూ?"

గేటు దగ్గర బల్ల వేసి, దాని మీద పంచింగ్ మిషన్, పక్కన పళ్లెంలో ఆ పచ్చ చుక్కలు పెట్టింది. తమ్ముడిని పక్కనే నిలబెట్టి, చేసింది వాడి నోటితోనే చెప్పించింది. వాడు చెప్పినంతసేపూ నేలకేసి చూశాడు. తర్వాత తను అందుకుంది. క్షమాపణ అడిగే గొంతు ఎలా ఉంటుందో ఈవిడకు తెలియదు. తిట్టే గొంతుతోనే అడిగింది.

"వీడు చేసింది తప్పు. దానికి ముందు నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. చిల్లుంటే మంచిదన్నాను, అది అబద్ధం. చిల్లు పడ్డాకే జనం మందు కొడతారు. మీరూ అలా ఎలా నమ్మేశారండీ, చదువుకున్నవాళ్లు?"

మూడో అంతస్తు ఆవిడ ముందుకొచ్చింది. "అంటే మందు కొట్టారన్నమాట."

"కొట్టలేదు."

"చిల్లులు దొంగవన్నారుగా ఇప్పుడే."

"చిల్లులే దొంగవి. ఆకు కాదు."

"ఏమోనండీ. ఒకటి దొంగదయ్యాక రెండోది కాదని ఎలా నమ్మేది?"

ప్రశ్న సబబైనది. అందుకే ఈవిడకు ఒళ్లు మండింది. "నమ్మొద్దు. వచ్చి చూసుకోండి. నేను పిలిచినప్పుడు కాదు, మీకు తోచినప్పుడు, చెప్పకుండా రండి. ఇవాళ్టి నుంచి తోట గేటుకి తాళం ఉండదు."

ఆ రోజు ముప్ఫయ్యారు సంచులు వెనక్కి వచ్చాయి. తమ్ముడు వాటిని తోపుడుబండి మీద నెట్టుకొచ్చాడు. తోట చేరగానే ఈవిడ గేటు తాళం ఊడదీసి, తాళంచెవితో సహా ఎరువు కుప్పలోకి విసిరేసింది.

జనం వచ్చారు. రారనుకున్న వాళ్లు కూడా వచ్చారు. లెక్కల మాస్టారు భూతద్దంతో వచ్చి మూడు గంటలున్నారు. మూడో అంతస్తు ఆవిడ అత్తగారిని, భర్తను వెంటబెట్టుకొచ్చి, షెడ్డులో ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసింది. మందుకు బదులు మొక్కల మీద చల్లే వెల్లుల్లి నీళ్ల డ్రమ్ము దగ్గర అత్తగారికి తుమ్ములాగలేదు. ఫైలు తెరిచి సర్టిఫికెట్లు మొదటిసారిగా మనుషులు చదివారు. దాచిన మందు ఎవరికీ దొరకలేదు. వల పందిట్లోకి అందరూ వెళ్లారు, తలుపు బారుగా తీసి. కొక్కెం పెట్టి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

పది రోజులకు పందిట్లో పచ్చ పురుగులు ప్రజాస్వామ్యబద్ధంగా ప్రవేశించి స్థిరపడ్డాయి. ఆకులు పాత రోజుల్లోలాగే అంచుల నుంచి, వంకరటింకరగా చిరిగిపోయాయి. ఈవిడ మళ్లీ చీకటితోనే లేచి మగ్గు పట్టుకుంది. ఉన్నవే కోసి, సంచులు కట్టి పంపింది.

సాయంత్రం మూడో అంతస్తు ఆవిడ ఫోను చేసింది. "వచ్చే వారం నుంచి మా సంచి మళ్లీ పంపండి. పక్కింట్లో చూశానండీ, ఇప్పుడు నమ్మకం కుదిరింది. చిల్లులు చూస్తేనే తెలుస్తోంది, ఎంత సహజంగా ఉన్నాయో."

ఈవిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, దాన్ని కాసేపు చూసి, మళ్లీ పెట్టుకుంది. "మీరు తోటంతా చూశారు కదండీ?"

"చూశామండీ."

"డబ్బాలన్నీ వాసన చూశారు."

"చూశాం."

"అయినా చిల్లు చూశాకే నమ్మారు."

"అంతే కదండీ మరి. మీరు చెప్పిందేగా."

భర్త మర్నాడు తలుపుకు కప్పీ బిగించి తాడు వేశాడు. ఎవరు తీసి వదిలినా దానంతటదే మూసుకోవడానికి తాడు చివర బరువేదైనా కావాలన్నాడు. ఈవిడ షెడ్డులోకి వెళ్లి బరువు తెచ్చి ఇచ్చింది. తర్వాత తమ్ముడిని కూర్చోబెట్టి, సంచికొకటి చొప్పున చీటీలు రాయించింది. "ఈ చిల్లులు మీరు తెరిచి వదిలేసిన తలుపులోంచి వచ్చాయి. వీటిని చూసి నమ్మకండి. నమ్మేట్టయితే నన్ను నమ్మండి. లేదా మళ్లీ వచ్చి చూడండి, తలుపు వేయండి."

"ఇలా రాస్తే ఉన్నవాళ్లూ పోతారక్కా."

"రాయి."

రాశాడు. ఇరవయ్యేడు చీటీలు అయ్యాక, ట్వైను దారం ఉండ దగ్గరికి లాక్కుని, బల్ల మీదంతా వెతికాడు.

"అక్కా, సంచికి కట్టాలంటే చీటీకి చిల్లుండాలి. ఆ మిషన్ ఎక్కడ పెట్టావు?"

ఈవిడ తల ఎత్తకుండా పందిరి వైపు చూపించింది. తాడు చివర పంచింగ్ మిషన్ వేలాడుతూ, తలుపును గట్టిగా లాగి పట్టుకుని ఉంది.

"అది డ్యూటీలో ఉంది" అంది. "నువ్వు పళ్లతో కొరుకు. పురుగు ఎలా తింటుందో అప్పుడైనా తెలుస్తుంది."