శంఖం గుర్తు ఇరుసు

మా ముత్తాత బళ్ళు విశాఖపట్నం హార్బరుకు రాళ్ళు తోలాయి. ఇప్పుడు ఓడలు వచ్చి ఆగే చోట ఒకప్పుడు చిత్తడి నేల ఉండేదని, దాన్ని తవ్వించిన దొరలకు మా ముత్తాత ఎడ్లు లేకపోతే పని నడిచేది కాదని మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మాటలతో పాటే నేర్పేవారు. ఇందులో కొంత అతిశయం ఉండొచ్చు. ఆయన కొడుకు, మా తాత, రేవు నుంచి గోదాములకు మాంగనీసు, బెల్లం, గోనెలు తోలించాడు. పెద్ద పెద్ద గుమస్తాలు ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు కారు. నాన్న నాటికి బళ్ళు పోయి లారీలు వచ్చాయి. బండికైనా లారీకైనా మా ఇంటి ఆనవాలు ఒకటే, ఇరుసు మీద ఉలితో కొట్టిన శంఖం. పాత రోజుల్లో రేవు దగ్గర అందరి బళ్ళూ ఒకేచోట విప్పేవారు గనక, తెల్లారేసరికి మంచి ఇరుసు తీసుకుని అరిగిన ఇరుసు తగిలించిపోయే ఘనులు ఉండేవారట. శంఖం జోలికి మాత్రం ఎవరూ వచ్చేవారు కారని నాయనమ్మ చెప్పేది. మాది పడిపోయిన కుటుంబం అని ఈమధ్య ఎవరో అన్నారని విన్నాను. మేం పడిపోలేదు. వాటాలు పంచుకున్నాం.

పోయిన నెల మధురవాడలో మా అమ్మాయి ఉండే అపార్ట్‌మెంటుకు వెళ్ళాను. గేటు ముందు నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. నా సంచిలోంచి నిమ్మకాయ ఒకటి జారి దొర్లుకుంటూ ట్యాంకరు కిందికి పోయింది. నిమ్మకాయ కోసం రోడ్డు మీద వంగే మనిషిని కాను. కానీ చుట్టుపక్కల ఎవరూ చూడడం లేదు. వంగాను. వెనక చక్రాల నడుమ, ఏళ్ళ తరబడి పేరుకున్న గ్రీజు కింద, ఇరుసు మీద మా శంఖం కనిపించింది. జేబురుమాలు తీసి తుడిచాను. మూతి కొంచెం వంకర. అనుమానం లేదు, మా శంఖమే. ట్యాంకరు డ్రైవరు దిగి వచ్చి, "ఏటి బాబూ, ఏటన్నా కారతందా?" అని కంగారుగా అడిగాడు. ఏమీ కారడం లేదని చెప్పి, నిమ్మకాయ సంగతి మరిచిపోయి లిఫ్టు ఎక్కాను.

ఆ ఇరుసు కథ తొంభైల చివరి నాటిది. బాబాయిలు తమ వాటాకు వచ్చిన లారీలు అమ్ముకుని స్థిమితపడ్డారు. నాన్న ఒక్కడే తన లారీని ఉంచుకున్నాడు. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం బండి అది. గేరు మారిస్తే వీధి చివరి వాళ్ళకు కూడా తెలిసేది. దాన్ని తోలేది మా బావ, అంటే మా పెద్దత్త కొడుకు. మనిషి నల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టు ఉండేవాడు. వన్‌టౌన్‌లో మా ఇంటి ముందుగదిలో నేను ఒక బల్ల వెనక కూర్చునేవాణ్ణి. దాన్ని ఆఫీసు అనేవాళ్ళం. ఒక్క లారీకి ఆఫీసేమిటని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం నా మర్యాదకు తగదని ఊరుకునేవాణ్ణి.

అప్పట్లో లారీ అన్నవాడికి పని అంటే స్టీలుప్లాంటు నుంచి రేవుకు ఇనప చుట్టలు తోలడం. ఒక్కొక్క చుట్టా గున్న ఏనుగంత ఉండేది. మా లారీ వెనక ఇరుసు ఆ బరువుకు పుట్టింది కాదు. ఒకసారి దువ్వాడ దగ్గర, ఇంకోసారి గాజువాక నడిబొడ్డున, ఇరుసు లోపలి రాడ్డు విరిగి బండి నిలిచిపోయింది. గాజువాకలో అటూ ఇటూ ఆగిన బస్సుల్లోంచి జనం మా ఇంటిపేరు రాసిన బోర్డు చదువుకున్నారు. చుట్టలు తోలించే కాంట్రాక్టరు మనిషి మర్యాదగానే చెప్పాడు. పెద్ద లారీ ఇరుసు వేయించండి, లేదంటే తేలిక సరుకు చూసుకోండి. తేలిక సరుకంటే ఫిషింగ్ హార్బరుకు ఐసు. నాన్న ఆ మాట విని, కండువా సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మూడో దారి కూడా ఉంది. లారీ అమ్మేయడం. ఎవరూ పైకి అనలేదు గానీ ఆ మాట అన్నం దగ్గర మాతోపాటే కూర్చునేది.

బావా నేనూ ఆటోనగర్‌కు వెళ్ళాం. అక్కడి మేస్త్రీ తన చేతి పని గురించి తనే పొగుడుకునే రకం. ఒక బరువు లారీ నుంచి ఊడదీసిన వెనక ఇరుసు మొత్తం, దానికి తగ్గ కమాన్ కట్టలు, అంటే బండి బరువును మోసే ఆ వంపు పట్టీలు, చూపించాడు. వాటి పక్కన మా పాత కట్టలు పహిల్వాను ముందు పసివాడిలా కనిపించాయి.

"ఇదేసి సూడండి బాబూ. ఏనుగునెక్కించినా కిమ్మనదు."

"ఏనుగునెక్కిత్తే మా బండి నడ్డి ఏటవుతాది?" అన్నాడు బావ.

"ముందుగాల కాళ్ళు గట్టిగుండాల గదా బావా," అన్నాడు మేస్త్రీ. " నడ్డి సంగతి తర్వాత సూసుకుందాం."

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. నాన్న పడక్కుర్చీలో, నాయనమ్మ గడప మీద, బావ స్తంభానికి ఆనుకుని. నాయనమ్మకు లారీ గురించి తెలిసింది అది పొగ వదులుతుందన్న ఒక్క సంగతే. కానీ ఇరుసు అన్న మాట వినగానే వక్కాకు నమలడం ఆపింది. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో మా ముత్తాత బళ్ళకు కర్ర ఇరుసులు తీయించి ఇనప ఇరుసులు వేయించాడట.

"మా మావగారు అలాగే మార్పించినారు. బళ్ళిరగడం మానేసినాయి. ఎడ్లు సావడం మొదలెట్టినాయి. బండిరిగితే ఎద్దు కాసేపు నిలబడతాది రా. ఇరగని బండికి నిలబడ్డం ఎక్కడిది?"

"లారీకి ఎడ్లు లేవు కదమ్మా," అన్నాడు నాన్న.

"ఎందుకు నేవూ? సీట్లో కూకున్నోడెవడు?"

బావ పగలబడి నవ్వాడు. నవ్వు అయిపోయాక మాత్రం గొంతు మారింది. "నన్ను ఎద్దంటే అన్నావు గానీ అమ్మమ్మా, ఇది అమ్మేత్తే నాను ఇంకొకడి కాడి కిందకెల్లాల. ఇంకొకడి లారీ తోల్తే నాను డ్రైవర్ని. ఇది తోల్తే మావయ్య మేనల్లుణ్ణి."

నాన్న పడక్కుర్చీలోంచి లేచి, "రేపు పొద్దున్నే బండిని ఆటోనగర్ తీసుకెళ్ళరా," అన్నాడు. నాయనమ్మ మళ్ళీ వక్కాకు నమలడం మొదలుపెట్టింది. ఒప్పుకుందో లేదో తెలియలేదు. నాన్న మరునాడు పాత కమ్మరి కొడుకును వెతికించి, కొత్త ఇరుసు మీద శంఖం కొట్టించాడు. అతను వెల్డింగు పనే చేసేవాడు, ఉలి పట్టి ఏళ్ళయిందట. అందుకే మూతి వంకర పోయింది.

మా ఇంటికి ఒక ఆచారం ఉండేది. బండికి ఏ కొత్త సామాను వేసినా మొదటి బరువు సింహాద్రి అప్పన్నది. అదీగాక ఏటా చందనోత్సవం నాడు కొండ కింద భక్తులకు మజ్జిగ పోయడం ముత్తాత నాటి మొక్కు. మొదట ఎడ్లబండి మీద, తరవాత లారీ మీద, అవే కుండలు, అవే గడ్డి చుట్టకుదుళ్ళు. అల్లం, కరివేపాకు, నిమ్మాకు వేసిన ఆ మజ్జిగ వాసనకు వీధంతా లేచేది. ఆ ఏడు ఇరుసు వేయడమూ చందనోత్సవమూ కలిసొచ్చాయి. మేస్త్రీ మాత్రం గట్టిగానే చెప్పాడు, ముందు నాలుగు ట్రిప్పులు ఇనుము తోలండి బాబూ, కట్టలు కూర్చోవాలి, తేలిగ్గా ఎళ్తే ఎగరేత్తాది అని. నాన్న అతన్ని జాలిగా చూశాడు. మా ఇంట ఎవరి బరువు ముందో అతనికెలా తెలుస్తుంది.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే లారీ తీరు మారింది. ఇదివరకు గోతిలో పడితే మూలిగేది. ఇప్పుడు గోతిని తన్నుతోంది. నాన్న ముందు, పట్టు కండువాతో, నిటారుగా కూర్చున్నాడు. నేను వెనక కుండల మధ్య నిలబడ్డాను. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర మొదటి కుండ టప్పుమంది. గోపాలపట్నం చేరేసరికి నేను పంచె మోకాళ్ళ పైకి కట్టి, రెండు చేతులా రెండు కుండలను కౌగిలించుకుని, మూడోదాన్ని కాలితో అదిమిపెట్టి ఉన్నాను. వెనక తలుపు సందుల్లోంచి మజ్జిగ ధారగా రోడ్డు మీద పడుతోంది. కుక్కలు వెంటబడ్డాయి. సైకిలు మీద వెళ్ళేవాడొకడు లారీ పక్కకు వచ్చి, "బావా, మీ లారీకి సల్ల కారతంది! ఇంజను మజ్జిగ మీద నడుత్తాదేటి?" అని అరిచాడు. నాన్న తల తిప్పలేదు. బావ భుజాలు కదలడం క్యాబిన్ వెనక అద్దంలోంచి చూశాను. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

కొండ కింద దిగేసరికి నా కౌగిట్లోవి, ఇంకో రెండూ మిగిలాయి. నాన్న కండువా నడుముకు చుట్టి, కొబ్బరిచిప్ప గరిటె పట్టుకుని ఉన్న మజ్జిగ పోశాడు. అది అయిపోయాక నీళ్ళు పోశాడు. సాయంత్రం దాకా కూర్చోలేదు. ఎవరైనా మజ్జిగ లేదా బాబూ అంటే, "ఈ ఏడు అప్పన్న దారిలోనే తాగేశాడు," అనేవాడు. నాన్న హాస్యమాడడం నేను విన్నది ఆ ఒక్క రోజే.

మరుసటి ఏడు బావ ఉపాయం చెప్పాడు. లారీ నిండా ఇసుక పోసి, ఆ ఇసుకలో కుండలు పాతాలని. నాన్న ససేమిరా అన్నాడు. అప్పన్న దగ్గరికి ఇసుక మోసుకెళ్ళడం పరువు తక్కువట.

"పరువు పైనుంటాది మావా. ఇసక కిందుంటాది," అన్నాడు బావ.

నాన్నే దగ్గరుండి ఇసుక పోయించాడు. కుండ ఒక్కటీ పగల్లేదు. కొండ కింద ఎవరో అడిగారు, "ఏటి బావా, కొండకి ఇసకేటి, మొక్కుకున్నారా?" అని. "అప్పన్న మేడ కడతన్నాడు, నీకు తెల్దేటి?" అన్నాడు బావ. అప్పటి నుంచి నాన్న ఉన్నంతకాలం, కాసిని మజ్జిగ కుండల కోసం ఒక లారీ ఇసుక కొండ దాకా వెళ్ళి తిరిగి వచ్చేది.

ఇరుసు మళ్ళీ విరగలేదు. ఎండల్లో, వానల్లో చుట్టలు మోసింది. రేవులో బరువు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆ గట్టి కట్టలు బావను సీటు మీంచి ఎగరేసి కుదేసేవి. మొదట దిండు వేసుకున్నాడు. తరవాత నడుముకు బెల్టు కట్టుకున్నాడు. లారీ దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఒక క్షణం ఆగడం అలవాటైంది. నేనడిగితే, "బండి కొత్తగా కుర్రదయింది బావా, నాను కానేదు," అనేవాడు. నాన్న పోయిన మరుసటేడు క్యాబిన్ వెనక చట్రం పగిలింది. అతికించి తోలదామన్నాను నేను. బావ లారీ చుట్టూ ఒకసారి తిరిగి, తాళం నా బల్ల మీద పెట్టాడు. "నడ్డి పోయింది బావా," అన్నాడు. ఎవరి నడ్డి అని నేను అడగలేదు. అప్పటికి నాయనమ్మ లేదు. 

మధురవాడ నుంచి వచ్చాక బావకు ఫోను చేశాను. ఇప్పుడు దువ్వాడలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. రైళ్ళు చూస్తూ బాల్కనీలో చెక్క కుర్చీలో కూర్చుంటాడు, మెత్తటివి పడవు. శంఖం చూశానని చెప్పాను.

"ఇప్పుడేటి మోత్తంది?"

"నీళ్ళు."

"మంచిదే. నీళ్ళయితే తొణుకుతాయి గానీ పగలవు." వెంటనే, "ఆ డ్రైవరు నడుం ఎలాగుందో అడిగావేటి?" అన్నాడు.

అడగలేదు. మా ఇంట్లో నాయనమ్మకు తప్ప ఎవరికీ ఆ ప్రశ్న వేళకు తట్టలేదు. ముత్తాతకు ఎడ్లు పోయాక తట్టింది, నాకు ఇన్నేళ్ళకు, అదీ బావ నోట. కాలం మోసేవాళ్ళను అరగదీసి, మోయించినవాటిని అలాగే వదిలేసి పోతుంది. ఆ లారీని ఆటోనగర్‌లో తుక్కు కింద ఇచ్చేశాం. ఇరుసు బాగుందని విడిగా అమ్మాం.